స్పెయిన్ అని చెప్పి పత్తి చేలలో తిప్పాం

సైకిల్ టూర్ లీడర్ పనిలో చేరతామంటూ ఈమధ్య కొందరు పిల్లలు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. మొన్న కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్తే, ఆ ఇంటివాళ్ళ మేనకోడలు పళ్ళెం పట్టుకొని వచ్చి నా పక్కన కూర్చుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల.

"అంకుల్, మీరు చాలా ఇయర్స్ టూర్స్ లీడ్ చేశారంట కదా. నాకు ఆ లైఫ్ కావాలి. ఆఫీస్‌లో కూర్చోవడం నా వల్ల కాదు" అంది.

"ఏముందమ్మా ఆ లైఫ్‌లో?"

"ఫ్రీడమ్! రోజూ కొత్త రోడ్, కొత్త పీపుల్."

వాళ్ళ నాన్న నా వైపు దీనంగా చూశాడు. "మీరైనా చెప్పండి సార్. దీని జాబ్ చాలా మంచిది" అన్నాడు.

విందు భోజనం దగ్గర చెప్పే సంగతులు కావవి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొత్త రోడ్డు అన్నది నిజమే. కొత్త మనుషులు మాత్రం అబద్ధం. ప్రతి టూర్‌కీ అదే మనుషులు వేరే పేర్లతో వస్తారు. తాను తొక్కలేని సైకిల్ కొనుక్కొచ్చినవాడు ఒకడు. మన మ్యాప్ తప్పని వాదించేవాడు ఒకడు. ఇంట్లో తగాదా పడి దారిలో రాజీపడదామని వచ్చి, దారి పొడుగునా ఆ తగాదానే కొనసాగించే దంపతులు. మన పని వాళ్ళ ట్యూబులకు పంక్చర్లు వెయ్యడం, ఒరుసుకుపోయిన పిర్రలకు మందు ఇవ్వడం, ఎదురుగాలి వీచినందుకు క్షమాపణ చెప్పడం. స్వేచ్ఛ అంతా వాళ్ళది. వాళ్ళు ఆ స్వేచ్ఛలో పారేసుకున్న చేతి తొడుగులు వెనక్కి వెళ్ళి ఏరుకొచ్చేది మనం.

మూసేసిన దేశం

నాది గుంటూరు జిల్లా. డెబ్బైల నడిమిలో మెకానికల్‌లో ఎం.ఎస్. చేయడానికి కాలిఫోర్నియా వచ్చాను. సన్నీవేల్‌లో ఒక కంపెనీలో వాల్వులకు డ్రాయింగులు గీసే ఉద్యోగం దొరికింది. కొన్నాళ్ళకు మా విభాగాన్నే ఎత్తేశారు. ఊరికే కూర్చోలేక ఇంటి పక్కనున్న సైకిల్ షాపులో చేరాను. చక్రం వంకర తీయడం నాకు బాగా వచ్చేది. వంకర చక్రం పట్టుకొని ఒకరోజు గ్యారీ అనేవాడు వచ్చాడు. అతనికి సైకిల్ యాత్రలు నడిపే చిన్న కంపెనీ ఉంది. చక్రం తీసుకెళ్తూ నన్ను కూడా తీసుకెళ్ళాడు.

మనవాళ్ళు చేసిన పరామర్శ అంతా ఇంతా కాదు. ఇంటికొచ్చి కాఫీ తాగుతూ స్నేహితుడు సుబ్బారావు అడిగాడు.

"ఎం.ఎస్. చేసి సైకిళ్ళు తోలడమేంటి గురూ? రెజ్యుమె ఇవ్వు, మా మేనేజర్‌తో మాట్లాడతా."

నా భార్య విజయ లోపల్నుంచి వచ్చింది. "ఆయనకి నచ్చిన పని ఆయన చేసుకుంటున్నారు. మీకొచ్చిన కష్టం ఏంటి అన్నయ్యగారూ?" అంది. సుబ్బారావు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

డెబ్బైలు ముగుస్తుండగా గ్యారీ నన్ను స్పెయిన్ తీసుకెళ్ళాడు. అది నా మొదటి పెద్ద యాత్ర. ఎత్తయిన మైదానం, కోత కోసేసిన గోధుమ చేలు, వాటి మధ్య మట్టిరంగు ఊళ్ళు. చర్చి గోపురం కనిపించాక కూడా ఊరు చేరడానికి చాలాసేపు పట్టేది. మధ్యాహ్నం ఊళ్ళోకి వెళ్తే అన్ని తలుపులూ మూసి ఉండేవి. కుక్క కూడా లేచేది కాదు. ఒకచోట నల్లబట్టలు కట్టుకున్న ముసలావిడ కిటికీ తెరిచి మమ్మల్ని చూసి, దారి తప్పారా అని చేత్తో సైగ చేసింది. లేదన్నాను. ఆమెకు మరింత జాలి కలిగింది. నీళ్ళ కూజా బయట పెట్టి మళ్ళీ కిటికీ మూసుకుంది.

నాకు ఆ ఊళ్ళు నచ్చాయి. ఎవరో వస్తారని అవి ముస్తాబై కూర్చోలేదు. మా కస్టమర్లకు అదే కోపం తెప్పించింది. దుకాణాలు మూసి ఉన్నాయని, రాత్రి భోజనం మరీ ఆలస్యమని, అక్కడివాళ్ళు తమను చూసి సంతోషించడం లేదని రోజూ ఫిర్యాదులు.

తిరిగొచ్చాక గ్యారీ కొన్నాళ్ళు ఆలోచించాడు. మామూలు మనిషైతే కస్టమర్లకు స్పెయిన్ గురించి ముందే చెబుదామనుకుంటాడు. గ్యారీ అలా అనుకోలేదు. "వీళ్ళకి కావాల్సింది మధ్యాహ్నం పూట తెరిచి ఉండే స్పెయిన్" అన్నాడు.

దాన్ని కాలిఫోర్నియాలోనే తయారుచేశాడు.

రమోన్

కాలిఫోర్నియా నడిమధ్య లోయలో పత్తి చేలు, బాదం తోటలు, కాలువలు, కూలీలు కాపురముండే చిన్న ఊళ్ళు ఉంటాయి. ఊరి పేర్లన్నీ స్పానిష్ పేర్లే. తెల్ల సున్నం కొట్టిన చర్చి ఎక్కడో ఒకటి తగులుతుంది. గ్యారీకి ఇంకేం కావాలి? కాలిఫోర్నియాలోనే స్పెయిన్ అనుభవం అంటూ "స్పెయిన్ గ్రామసీమల్లో" అని కరపత్రం వేశాడు. అందులోని ఫొటోల్లో కూలీలు లేరు. మెక్సికో నుంచి వచ్చి పత్తిచేలో నడుము వంచే మనిషిని స్పెయిన్ రైతు అని చెప్పడం గ్యారీకి కూడా కష్టమైనట్టుంది.

"రమణ అంటే ఎవరికీ నోరు తిరగదు. రమోన్ అందాం. మీసం ఉంది, రంగు ఉంది. టోపీ ఒకటి పెట్టుకుంటే చాలు" అన్నాడు నాతో. మర్నాటికల్లా రమోన్ అని ఎర్రదారంతో కుట్టిన చొక్కా వచ్చింది.

మా వ్యాన్ నడిపేది లూపే. ఆ లోయలోనే పుట్టి పెరిగిన మెక్సికన్ అమ్మాయి. కంపెనీ మొత్తానికి స్పానిష్ వచ్చింది ఆమెకొక్కదానికే. ఆమెను మాత్రం గ్యారీ ఎప్పుడూ కస్టమర్ల ముందుకు రానిచ్చేవాడు కాదు, వంట చేయించేవాడు.

"నువ్వు స్పానిష్‌లో 'శుభోదయం' అంటుంటే మా అమ్మమ్మ ఇంట్లోంచి పరుగెత్తుకొస్తుంది, ఎవరికి దెబ్బ తగిలిందోనని" అనేది లూపే.

ఈ పనిలో బాసులు రెండు రకాలు. రోడ్డు తెలిసినవాళ్ళు ఒకరు, కరపత్రం తెలిసినవాళ్ళు ఒకరు. రెండోవాళ్ళ దగ్గర చేరితే ఒక్కటి గుర్తుంచుకోండి. కరపత్రానికీ రోడ్డుకీ తేడా వచ్చినప్పుడు, తప్పు రోడ్డుదే అంటారు వాళ్ళు.

టిఫిన్ దగ్గర తగాదా

నేను చెప్పదలచుకున్న ఆ యాత్ర ఎనభైల మొదట్లో ఒక వేసవి చివర జరిగింది. వచ్చినవాళ్ళలో ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకడు హాల్ అనే లాయర్. ఇటలీలో చేయించుకున్న సైకిల్ తెచ్చాడు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. గొలుసు జారితే కూడా నన్ను దూరంగా నిలబెట్టి ఏం చెయ్యాలో అడిగేవాడు. రెండోది డోరతీ. అరవై దాటిన వితంతువు, పాత సైకిల్, ముందు బుట్ట. అందరికన్నా వెనక వచ్చేది. ఆమె కోసం ఆగాల్సి వచ్చినప్పుడల్లా హాల్ గడియారం చూసుకునేవాడు. ఆమె మాత్రం దారిలో ఏ చేలో ఏముందో చూసి వచ్చి నాకు చెప్పేది.

ఇంకొకాయన కూడా ఉన్నాడు, పత్రికలో యాత్రల గురించి రాసే పెద్దమనిషి. గ్యారీ కళ్ళు ఆయన మీదే. ఆయన దగ్గితే గ్యారీ నీళ్ళు అందించేవాడు.

యాత్ర మధ్యలో ఒక పొద్దున రోడ్డు పక్క హోటల్లో టిఫిన్ చేస్తున్నాం. పక్క బల్ల దగ్గర కూర్చున్న పొలం మేస్త్రి మా సైకిళ్ళు చూసి, ఎటు వెళ్తున్నారని అడిగాడు. చెప్పాను.

"ఆ కాలువ దారిలో వద్దు. ఇవాళ పత్తికి విమానంతో మందు కొడుతున్నారు. టమాటా ప్యాకింగ్ షెడ్ల మీదుగా పొండి" అన్నాడు.

వెంటనే గ్యారీని పక్కకు పిలిచి చెప్పాను. అప్పటికే నెత్తిన నల్ల టోపీ పెట్టుకొని ఉన్నాడు. ఆరోజు తానే ముందు నడుస్తూ పత్రికాయన చేత ఫొటోలు తీయించుకోవాలని అతని ఏర్పాటు.

"ప్యాకింగ్ షెడ్ల దారి కంపు కొడుతుంది. లారీలు. అక్కడ ఏం ఫొటో తీస్తాడు? పెద్ద పొలం రమోన్, విమానం ఏ మూలో ఉంటుంది" అన్నాడు.

"గ్యారీ, మాది పత్తి పండించే ఊరు. పురుగుమందు అంటే ఏమిటో నాకు తెలుసు. గాలి ఎటు తిప్పితే అటు వస్తుంది."

"ఇది ఇండియా కాదు. ఇక్కడ అన్నీ పద్ధతిగా చేస్తారు."

ఆ మాట విన్నాక అతనితో మాట్లాడి లాభం లేదనిపించింది. లోపలికి వెళ్ళి అందరూ వినేలా చెప్పాను. "ఆ దారిలో మందు చల్లుతున్నారు. నేను షెడ్ల దారిలో వెళ్తున్నాను. వాసన వస్తుంది, లారీలుంటాయి. ఇష్టమున్నవాళ్ళు నాతో రండి."

గ్యారీ పగలబడి నవ్వి, "రమోన్‌కి విమానాలంటే భయం" అన్నాడు. కొందరు నవ్వారు. హాల్ మరీ గట్టిగా నవ్వాడు. డోరతీ సైకిల్ తీసి నా పక్కన నిలబెట్టింది. ఇంకొందరు ఆమె వెనక వచ్చారు. మిగతా సగం గ్యారీ వెంట, పత్రికాయనతో సహా, పత్తిచేల వైపు వెళ్ళిపోయింది.

కాలువ గట్టు

మా దారి నిజంగానే కంపు కొట్టింది. కుళ్ళిన టమాటాల వాసన, దుమ్ము, మీదికొచ్చే లారీలు. దాన్ని ఎవరూ ఎన్నడూ ఫొటో తీసి ఉండరు. భోజనానికి ఆగాల్సిన ఊరు చేరేసరికి లూపే చర్చి ముందు బల్లలు వేసి ఉంచింది. గ్యారీ గుంపు మాకన్నా ముందే రావాలి. రాలేదు. కొద్దిసేపు చూసి, లూపే నేనూ వ్యాన్‌లో కాలువ దారి పట్టాం.

వాసన ముందు తగిలింది. మా ఊళ్ళో పత్తికి ఎండ్రిన్ కొట్టే రోజుల్లో అమ్మ మమ్మల్ని చేలవైపు పోనిచ్చేది కాదు. ఇక్కడి మందు పేరు వేరు, ఘాటు అదే. ముక్కు మరిచిపోదు.

కాలువ గట్టు మీద సైకిళ్ళు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. హాల్ పక్కకు తిరిగి వాంతి చేసుకుంటున్నాడు. నోట్లోంచి చొంగ ఆగడం లేదు. పత్రికాయన గజగజ వణుకుతున్నాడు. మిగతావాళ్ళు తలలు పట్టుకొని కూర్చున్నారు. విమానం ఒకటికి రెండుసార్లు నెత్తిమీదుగా తిరిగిందట.

గ్యారీ ఒక్కడే లేచి నిలబడి ఉన్నాడు, అదీ తూలుతూ. "వడదెబ్బ. ఉప్పు బిళ్ళలు తీయి" అన్నాడు.

"చొక్కాలు విప్పండి! అందరూ! ఇప్పుడే!" అని అరిచాను.

"రమోన్, పత్రికవాడి ముందు బట్టలు విప్పించకు."

వినలేదు నేను. లూపే తాగే నీళ్ళ డబ్బాలు దింపింది. ఒక్కొక్కరి చొక్కా లాగేసి తల మీంచి నీళ్ళు పోశాం. మందు పడి ఉంటుందని కాలువ నీళ్ళు ముట్టుకోనివ్వలేదు. హాల్ ఆ స్థితిలోనూ నా చెయ్యి పట్టుకొని, "నా సైకిల్‌ని ఎవరు చూస్తారు?" అన్నాడు. ఏ దేశంలోనూ అంత నిజాయితీ గల భక్తుణ్ణి చూడలేదు నేను.

అప్పుడు లూపే పిలిచింది. కొంచెం అవతల, చేను చివర, ఒక ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. చేతిలో కర్రకు కట్టిన తెల్లజెండా. విమానం ఏ సాలు మీదుగా పోవాలో చూపించడానికి చేను అంచున మనిషిని నిలబెట్టేవాళ్ళు ఆ రోజుల్లో. మందు మొదట పడేది అతని మీదే. పేరు ఎస్తెబాన్ అని తర్వాత తెలిసింది. బట్టలు పిండితే కారేలా ఉన్నాయి. ఊపిరి గురగురమంటోంది. మిగిలిన నీళ్ళన్నీ అతని మీద పోశాం.

వ్యాన్ నిండిపోయింది. "అతన్ని వాళ్ళ కంపెనీవాళ్ళు తీసుకెళ్తారు. మన కస్టమర్లని ముందు చేర్చాలి" అన్నాడు గ్యారీ.

లూపే తాళం చెవి తీసి ప్యాంటు జేబులో వేసుకుంది. చేతులు కట్టుకొని తలుపుకు ఆనుకుంది.

"ఆయన ఎక్కితేనే బండి కదిలేది" అంది.

గ్యారీ ఆమెను తిట్టాడు. ఆమె కదల్లేదు. చివరికి పత్రికాయన వణుకుతూనే పక్కకు జరిగాడు. ఎస్తెబాన్‌ని వాళ్ళ కాళ్ళ మధ్య పడుకోబెట్టాం.

డాక్టర్ అడిగిన స్పానిష్

ఆసుపత్రిలో కుర్ర డాక్టర్. గ్యారీ ముందుగా వెళ్ళి, ఎండలో సైకిల్ తొక్కి వడదెబ్బ తగిలిందని చెప్పేశాడు. తెల్లవాడు, యజమాని, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. డాక్టర్ తలూపి సెలైన్ పెట్టమన్నాడు. నేను అడ్డం వెళ్తే నా చొక్కా మీది పేరు చదివి, వచ్చీరాని స్పానిష్‌లో బయట కూర్చోమన్నాడు.

"నాకు స్పానిష్ రాదండీ. నా పేరు రమోన్ కాదు. నేను ఇండియా నుంచి వచ్చిన ఇంజనీర్‌ని. వీళ్ళ మీద పురుగుమందు పడింది. ముందు ఈ పెద్దాయన కళ్ళు చూడండి" అన్నాను.

ఇంజనీర్ అన్న మాటకు అతను ఆగాడు. పంక్చర్లు వేసే రమోన్ చెబితే ఆగేవాడు కాదు. నా ఎం.ఎస్. ఈ దేశంలో నాకు పూర్తిగా పనికొచ్చింది ఆ ఒక్క నిమిషమే. టార్చ్ వేసి ఎస్తెబాన్ కళ్ళు చూశాడు. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయి ఉన్నాయి. పురుగుమందు ఒంట్లోకి పోతే అలాగే అవుతాయి. తర్వాత హాల్ కళ్ళు చూశాడు. ఒక్కసారిగా నర్సులను కేకేసి ఇంజెక్షన్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

గ్యారీ నన్ను వసారాలోకి లాక్కెళ్ళాడు. "ఇది బయటికొస్తే కంపెనీ ఉండదు. అర్థమవుతోందా రమోన్?"

"రమణ" అన్నాను.

"ఏంటి?"

"నా పేరు."

ఆ ఎర్రదారం చొక్కా అక్కడే విప్పి అతని చేతిలో పెట్టాను. విజయకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"ఉద్యోగం వదిలేశాను విజయా."

"మంచి పని చేశారు. ఆ పెద్దాయన ఎలా ఉన్నారు? ఆయనకి ఎవరైనా ఉన్నారా?" అంది.

ఎవరికేమైంది

మా వాళ్ళంతా రెండు మూడు రోజుల్లో కోలుకున్నారు. ఇటలీ సైకిల్ గట్టు మీదే క్షేమంగా దొరికింది. హాల్ దాన్ని కారు మీద కట్టుకొని, లూపేకి గాని నాకు గాని ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళిపోయాడు. లాయరు కదా, గ్యారీ మీద దావా వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. రమోన్ మాట విననందుకు తనకు ఈ గతి పట్టిందని కోర్టులో చెప్పుకోవడం ఇష్టం లేదేమో.

పత్రికాయన వ్యాసం రాశాడు. పత్తిచేల మధ్య నల్లటోపీతో గ్యారీ ఫొటో వేశాడు. ఆ లోయ ఎండ తీవ్రంగా ఉంటుందని, మంచినీళ్ళు ఎక్కువగా పట్టుకెళ్ళాలని పాఠకులకు సలహా ఇచ్చాడు. విమానం గురించి ఒక్క మాట లేదు. వణుకుతూ పక్కకు జరిగినవాడు ఈయనేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే. మరుసటి ఏడు గ్యారీ టూర్లన్నీ నిండిపోయాయి. మంచి పని చేస్తే పేరొస్తుందని ఈ వృత్తిలో ఎవరైనా మీకు చెబితే నవ్వి ఊరుకోండి. చెయ్యాల్సింది చెయ్యండి, పేరు కోసం చూడకండి.

మందు చల్లిన కాంట్రాక్టరు, ఎస్తెబాన్ తాగి పడిపోయాడని చెప్పాడు. ఆ సంగతి మాకు చెప్పింది డోరతీ. అందరూ ఇళ్ళకు పోయినా ఆమె మాత్రం ఆ ఊళ్ళోనే గది తీసుకొని ఉండిపోయింది. ముక్క స్పానిష్ రాదు. రోజూ వెళ్ళి ఎస్తెబాన్ మంచం పక్కన కూర్చొని ఊలు అల్లుకునేది.

తర్వాతి ఆదివారం విజయ పులిహోర చేసింది. ఇద్దరం కారులో వెళ్ళాం. లూపే కూడా వచ్చింది. ఎస్తెబాన్ లేచి కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి. పులిహోర రెండుసార్లు పెట్టించుకొని, పచ్చిమిరపకాయ లేదా అని అడిగాడు. విజయ మురిసిపోయింది.

తిన్నాక అతను నన్నూ డోరతీనీ చాలాసేపు చూసి, లూపేని ఏదో అడిగాడు.

"అంత ఎండలో సైకిళ్ళ మీద ఎక్కడికి పోతున్నారు, మిమ్మల్ని ఎవరు పంపారు అంటున్నాడు" అంది లూపే.

"ఎవరూ పంపలేదు. సెలవు పెట్టుకొని వచ్చామని చెప్పు" అంది డోరతీ.

లూపే చెప్పింది. ఎస్తెబాన్ నమ్మలేదు. మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత అతను అన్న మాటకు లూపే కడుపు పట్టుకొని నవ్వింది.

"సెలవు దొరికితే మంచి చోటికి పోవాలి గాని ఇక్కడికెవరైనా వస్తారా, అంటున్నాడు."

డోరతీ అల్లిక పక్కన పెట్టింది. "నిజమే. మరి మంచి చోటు ఏదో చెప్పమను" అంది.

ఎస్తెబాన్ తన ఊరి గురించి చెప్పాడు. మెక్సికోలో కొండల మధ్య, మొక్కజొన్న చేలు. రోడ్డు ఎలా ఉంటుందని డోరతీ అడిగితే, వణికే చేత్తో గాల్లో ఎత్తుపల్లాలు గీసి చూపించాడు. పురుగుమందు జోలికి మళ్ళీ పోనని, కాస్త ఓపిక రాగానే అక్కడికే వెళ్ళిపోతానని అన్నాడు.

వెళ్ళిపోయాడు కూడా. మరుసటి చలికాలంలో లూపే, నేనూ కలిసి సొంతంగా టూర్లు మొదలుపెట్టాం. మొదటిది ఎస్తెబాన్ ఊరికే వేశాం. టోపీలు, ఫొటోలు లేకుండా, ఉన్నది ఉన్నట్టు కరపత్రం వేసుకున్నాం. వచ్చింది డోరతీ ఒక్కతే. బుట్ట సైకిల్ మీద, ప్రతి చేను దగ్గరా ఆగుతూ.

ఊరి మొదట్లో రాతిగోడ మీద ఎస్తెబాన్ కూర్చొని ఉన్నాడు. పక్కన నీళ్ళ కుండ, చుట్టూ దండలాగా మనవళ్ళు. మమ్మల్ని చూసి లేచి వచ్చి, డోరతీ సైకిల్ పట్టుకున్నాడు.

"పొద్దుటి నుంచి మీకోసం ఎదురుచూస్తున్నాను. సైకిళ్ళున్నాయి కదా, నడిచొచ్చారా?" అన్నాడు.